బుద్రి గొంతు

ముదలియార్‌పేట, పుదుచ్చేరి
14 సెప్టెంబరు 2006

సౌభాగ్యానికి అక్క రాసేది.

నీ ఉత్తరం మొన్న వచ్చింది. కింది వాటాలో ఉండే కన్నియమ్మాళ్ పైకి తెచ్చి ఇచ్చింది. ఆమెదీ మనలాగే తెలుగు ఇల్లే, కానీ చదవడం రాదు. కవరు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంది మంగళం, ఈ సున్నాలన్నీ నీకు ఎట్ల తెలస్తాయి?" అంది. మా నాయన మా ఊరు కిరుమాంబాక్కంలో అరుగు మీద కూర్చోబెట్టి మా అక్కచెల్లెళ్ళకి నేర్పాడని చెప్పాను. ఆమె మళ్ళీ ఏదో అడిగింది. పెదవులు అందలేదు. ఇంకోసారి చెప్పమంటే చెయ్యి ఊపి మెట్లు దిగిపోయింది.

ఫోను పెట్టించుకోమని మరిదిగారు అన్నారని రాశావు. పెట్టించుకుని ఏం చేయను? మోగితే నాకు వినబడదు. ఎత్తితే నువ్వు వైజాగులో గొంతు చించుకోవాలి. ఎడమ చెవిలో మిగిలిన ఆ కాస్తా కిందటి ఏడే పోయింది. ఇప్పుడు నాకు ఉత్తరమే మాట.

రోజులు బాగానే గడుస్తున్నాయి. రవికలు కుట్టడానికి చెవులు అక్కర్లేదు కదా. కొలతకి ఆది రవిక తెచ్చి బల్ల మీద పెడతారు, మెడ ఎంత దించాలో వేలితో చూపిస్తారు, పోతారు. మునుపు కూర్చుని కబుర్లు చెప్పేవాళ్ళు. ఇప్పుడు ఏదైనా మొదలుపెడతారు, నేను "ఆఁ?" అంటాను, మళ్ళీ చెబుతారు, మళ్ళీ "ఆఁ?" అంటాను. అప్పుడు నవ్వేసి అరవంలో "ఒన్నుమిల్లే" అంటారు. ఏమీ లేదు, పోనీలే అని. ఊళ్ళో అందరి పెదవుల మీదా నేను తప్పకుండా చదవగలిగే మాట అదొక్కటే.

ఇక నువ్వు రాసిన సంగతి. మరిదిగారి ఆఫీసు వాళ్ళు బస్సు మాట్లాడుకుని అరకు అవతల కొండ మీద గిరిజనుల ఊరికి పోవడం, రెండు రోజులు వాళ్ళ ఇళ్ళలోనే ఉండి వాళ్ళ తిండి తిని, వాళ్ళ ఆటపాట చూసి రావడం. చెవిటిదాన్ని పాట వినడానికి తీసుకుపోతావా? నవ్వొచ్చింది. తర్వాత, నువ్వు పక్కన ఉంటావు కదా అనిపించింది. పెళ్ళయి నువ్వు అంత దూరం పోయాక మనిద్దరం కలిసి ఒక్క ఊరైనా చూశామా?

వస్తాను. ఎప్పుడు బయలుదేరాలో రాయి.

మంగళం


రైల్వే క్వార్టర్సు, విశాఖపట్నం
3 అక్టోబరు 2006

అక్కా,

నువ్వు వస్తానన్నావని ఈయనకు చదివి వినిపించాను. "సరి, టికెట్టు నేను తీస్తా, మదరాసులో రైలెక్కించేదానికి గురును పంపమను" అన్నారు. గురు ఎవరని ఆలోచించకు, మన చిన్నాన్న మనవడే. ఇప్పుడు సేదరపేట్‌లో ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. వాడికి ఫోను చేసి చెప్పాను.

డిసెంబరు మొదటి వారంలో రా. చలికాలంలో కొండ బాగుంటుందట. ఊరి పేరు చిట్టిలోవ. అంతా పోర్జా వాళ్ళు. ఇంట్లో వాళ్ళ భాష వేరే. టూరు మేనేజరు కాగితం ఒకటి ఇచ్చాడు, అందులో 'వందల ఏళ్ళ జీవనం చెక్కుచెదరకుండా' అని ఉంది. మా ఆడవాళ్ళందరికీ ఒకటే ఉత్సాహం. మందపాటి శాలువా తెచ్చుకో. నీ సూదీ దారం డబ్బా మాత్రం తేకు, నాలుగు రోజులు చేతులకు సెలవు ఇవ్వు.

నేను నీ పక్కనే ఉంటాను. వాళ్ళు చెప్పేదంతా నీకు చెబుతాను. భయపడకు.

కీర్తికకు పరీక్షలు, హాస్టలు నుంచి రాదు. పెద్దమ్మను చూడలేనని గొణుగుతోంది.

నీ చెల్లెలు
సౌభాగ్యం


ముదలియార్‌పేట
18 డిసెంబరు 2006

సౌభాగ్యానికి,

క్షేమంగా చేరాను. రైల్లో ఇబ్బంది లేదు. గురు స్టేషనుకు వచ్చాడు. రెండు రోజులు ముందుగా వచ్చేసినందుకు మరిదిగారిని ఏమీ అనుకోవద్దని చెప్పు. పండగ రవికలు ఒప్పుకుని ఉన్నాను, ఆ సంగతి చెప్పాను కదా.

కొండ మీద సంగతులు నీకు తీరిగ్గా చెప్పనే లేదు. నువ్వు రాకపోతివి. బయలుదేరే ముందు మోకాలు నొప్పి అన్నావు. సరే, నొప్పి నీ చేతిలో ఉందా? అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

రైలు సొరంగాల్లోంచి పోతుంటే పిల్లలంతా నోళ్ళు తెరిచి అరిచారు. నాకు చీకటి, వెలుతురు, మళ్ళీ చీకటి. అరకులో దిగి బస్సు ఎక్కాం. రోడ్డు అయిపోయిన చోట దిగి నడిచాం. ఎర్రమట్టి అలికిన ఇళ్ళు, వరసగా, ఒకదాని గోడ ఒకటి పట్టుకుని ఉన్నాయి. ఇంటి ముందు పసుపుగా విరగబూసిన వలిసె పూల చేలు. నన్ను బుద్రి అనే ముసలామె ఇంట్లో పెట్టారు. నాకంటే పెద్దదో చిన్నదో తెలియదు. ముక్కుకి మూడు పోగులు, చేతుల నిండా పచ్చబొట్లు.

ఇప్పుడు ఒక విచిత్రం చెబుతాను, నవ్వకు. ఆ ఊళ్ళో మన బస్సు వాళ్ళెవరికీ ఏమీ అర్థం కాలేదు. మీ పక్కింటి ఇంజనీరు గారి భార్య నీళ్ళు కావాలని బొటనవేలు నోట్లో పెట్టి చూపించింది. ఆయనేమో దుప్పటి కోసం రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని వణికాడు. ఒకరి ముఖం ఒకరు చూసి, చేతులు చూసి, అర్థమైందా లేదా అని తల ఊపుకుంటూ తిరిగారు. ఆ రెండు రోజులూ బస్సు బస్సంతా చెవిటిదే. నాకు మాత్రం అది రోజూ ఉండే పనే కదా, అందరికంటే ముందు నాకే అన్నం, నీళ్ళు, పడక దొరికాయి. నాతో ఎవరూ గట్టిగా అరవలేదు. ఎవరూ విసుక్కోలేదు.

బుద్రికి నేను చెవిటిదాన్నని తెలియదు. తెలియాల్సిన పని పడలేదు. రాగులు చెరుగుతూ అరుగు మీద నా పక్కన కూర్చుని మాట్లాడుతూనే ఉంది. జవాబు కోసం ఆగలేదు. నా ముఖంలోకి చూసి, చేట ఆపి, మళ్ళీ మొదలుపెట్టేది. పొద్దు వాలేదాకా. ఒక్కసారి కూడా 'పోనీలే' అనలేదు. సౌభాగ్యం, నాతో ఎవరైనా అంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళయిందో చెప్పలేను.

సాయంత్రం ఆట. ఆడవాళ్ళు వీపుల వెనక చేతులు పెనవేసుకుని వరసగా నిలబడి పాములా మెలికలు తిరిగారు. మగవాళ్ళు డప్పులు, కొమ్ములు. నాకు ధూళి లేవడం కనబడింది, అరికాళ్ళకు అదురు తెలిసింది. మిగతాది లేదు. అందరూ రవిక లేకుండా చీర భుజం మీద ముడేసి ఉన్నారు. అది వాళ్ళ పాత పద్ధతి అన్నారు. ఆట అయ్యాక నేను పెరటికి పోతే, బడి గోడ వెనక ఆ ఆడవాళ్ళంతా చలికి వణుకుతూ గబగబా రవికలు తొడుక్కుంటున్నారు. మేనేజరు విప్పిస్తాడన్నమాట, మన కోసం.

బుద్రి రవిక చంక కింద చిరిగి వేలాడుతోంది. నువ్వు వద్దన్నా డబ్బా నా సంచిలో ఉంది. ఇమ్మని చెయ్యి చాచాను. అరుగు మీద కూర్చుని, నా సంచి గుడ్డలోంచి ముక్క కోసి చంకలో వేసి కుట్టాను. ఆమె తొడుక్కుని చెయ్యి పైకెత్తింది, దించింది, మళ్ళీ ఎత్తింది. చిన్నపిల్లలా నవ్వింది.

మర్నాడు పొద్దున ఫోటోల కోసం మళ్ళీ ఆట పెట్టారు. బుద్రి ఆ రవికతోనే వచ్చి వరసకు ముందు నిలబడింది. మేనేజరు ఆమె దగ్గరికి పోయి చేతులు తిప్పుతూ చాలా మాట్లాడాడు. అందరూ అటే చూశారు. ఎంత మెచ్చుకుంటున్నాడో అని నేను చప్పట్లు కొట్టాను.

అదీ సంగతి. నీ ఇంట్లో నాకు ఏ లోటూ లేదు. నా వల్ల మీకు అయిన శ్రమకు ఏమీ అనుకోవద్దు.

మంగళం


విశాఖపట్నం
9 జనవరి 2007

అక్కా,

'శ్రమ' అని రాశావు. ఎవరో పరాయివాళ్ళ ఇంట్లో ఉండి పోయినట్టు. ఆ మాట చదివి ఉత్తరం మూసేశాను. వారం దాకా మళ్ళీ తెరవలేదు.

పండగ రవికలని అబద్ధం ఎందుకు చెప్పావు? కన్నియమ్మాళ్ కూతురికి ఫోను చేశాను. మంగళమ్మ వచ్చిన దగ్గర్నుంచి కుట్టు మిషను మూతే తియ్యలేదని చెప్పింది. నీకు కోపం వచ్చి పోయావు. నేను కొండకి రానందుకే కదా? పక్కనే ఉంటానని రాసి, ఆఖరు నిమిషంలో కొత్తవాళ్ళతో పంపేశానని. ఆ మాట నా ముఖం మీద అనేసి ఉంటే బాగుండేది. నువ్వు సంచి సర్దుకుంటుంటే మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ నవ్వావు.

ఇంకొకటి నీకు చెప్పకూడదని ఈయన అన్నారు. కానీ నీ ఉత్తరంలో ఆ చప్పట్ల సంగతి చదివాక చెప్పకుండా ఉండలేను. మేనేజరు ఆ ముసలామెను మెచ్చుకోలేదక్కా. తిట్టాడు. రవిక తీసి రమ్మన్నాడు. తీయనంది. జనం ఇంత దూరం వచ్చింది ఆ కుట్టు రవిక చూడడానికి కాదు అన్నాడట. నువ్వు చప్పట్లు కొడితే ఆయన తననే వెక్కిరిస్తున్నావనుకున్నాడు. ఆ కోపంలో, ఇక మీద వచ్చే బస్సులకు ఈమె వరసలో ఉండకూడదని ఊరి పెద్దతో చెప్పేశాడు. బస్సులో వాళ్ళంతా ఆఫీసులో ఈ మాటే చెప్పుకుంటున్నారు. "మీ వొదిన బలే పని చేసిందంట కదా" అని అడుగుతుంటే ఈయనకు తల ఎత్తుకోలేకుండా ఉంది.

నిన్ను నొప్పించాలని రాయలేదు. తెలియాలని రాశాను.

సౌభాగ్యం


ముదలియార్‌పేట
22 జనవరి 2007

సౌభాగ్యానికి,

నీ ఉత్తరం చదివాను.

తిడుతుంటే చప్పట్లు కొట్టాను. ఆ మనిషి ఎంత మాట అంటున్నాడో తెలియక, నవ్వుతూ, అందరి ముందూ. బుద్రి అప్పుడు నా వైపు చూసింది. ఆ చూపు నాకు సంతోషంలా కనబడింది. ఇప్పుడు ఆలోచిస్తే ఏమో తెలియడం లేదు. ఆ ఆటే ఆమెకు ఆధారమేమో, ఆ వరసే ఆమెకు లోకమేమో. అడగకుండా పోయి ఒకరి బతుకులో సూది పెట్టాను. మరిదిగారితో చెప్పు, తప్పు నాదేనని. ఆయన ఆఫీసులో ఎవరికి క్షమాపణ రాయమంటే వాళ్ళకి రాస్తాను. అరవంలో కావాలన్నా రాస్తాను.

నువ్వు కొండకి రాలేదని నాకు కోపం లేదు. ఇంత దూరం వచ్చాక దాచి ఏం లాభం, చెప్పేస్తాను. కొండ దిగి వచ్చిన మర్నాడు పొద్దున నేను స్నానం చేసి వస్తున్నాను. వంటింట్లో నువ్వూ మరిదిగారూ నిలబడి ఉన్నారు. ఆయన వీపు నా వైపు, నీ ముఖం నా వైపు. "ఇంకెన్నాళ్ళు" అన్నావు. ముఖం విసుగుతో ఎర్రగా ఉంది. నన్ను చూడగానే నోరు మూసుకున్నావు. ఏంది అని అడిగాను. "ఏం లేదులే" అన్నావు.

ఊరంతా అనే మాటే కదా అది. నీ నోట ఎప్పుడూ చూడలేదు.

అందుకే వచ్చేశాను. నిన్ను తప్పు పట్టను. చెవిటి మనిషిని ఇంట్లో పెట్టుకుంటే ఎవరికైనా అలుపే. నాయనకు చెవులు పోయాక అమ్మ ఎంత కసురుకునేదో మనం చూడలేదా? నేనూ కసిరాను. టికెట్టు రెండు రోజులు ముందుకి జరిపితే నీకు ఊపిరాడుతుందనుకున్నాను.

ఇంతే. ఇక దీని గురించి రాయకు.

మంగళం


విశాఖపట్నం
4 ఫిబ్రవరి 2007

అక్కా,

రాయకు అన్నావు. రాస్తాను, చదువు.

నాకు మోకాలు నొప్పి లేదు. నువ్వు కొండకి పోయిన రోజు నేను రైల్వే ఆసుపత్రికి పోయాను. చెవి డాక్టరు దగ్గరికి. ఆ తేదీ మార్చమంటే ఇంకో రెండు నెలల దాకా లేదన్నారు, అందుకే బస్సు వదులుకున్నాను. ఏడాది నుంచీ కుడి చెవి సరిగా లేదు. ఫోను ఎడమ వైపే పెట్టుకుంటున్నాను. కీర్తిక వెనక నుంచి పిలిస్తే పలకడం లేదని అలిగింది. నేను పరధ్యానం అనుకున్నాను, ఈయన పొగరు అన్నారు. ఆ రోజు అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవుల మీద బిళ్ళలు పెట్టి చూశారు. "మీ నాన్నగారికి ఉండేదా?" అని అడిగాడు డాక్టరు. ఉండేదన్నాను. "అక్కచెల్లెళ్ళకి?" అన్నాడు. అప్పుడు నువ్వు చిట్టిలోవలో ఉన్నావు.

కుడిది దాదాపు పోయింది. ఎడమది కూడా తగ్గుతోంది. చెవికి మిషను పెట్టుకుంటే కొన్నేళ్ళు లాగవచ్చట.

నువ్వు కొండ దిగి వచ్చిన మర్నాడు పొద్దున ఈయన రిపోర్టు తెచ్చారు. డాక్టరుతో ఈయన ఒక్కరే మాట్లాడారు. నేను ఈయనను వంటింట్లో నిలబెట్టి, "ఇంకెన్నాళ్ళు వినబడతాదంట, అది అడిగితిరా లేదా?" అన్నాను. ఈయన అడగలేదు. ఆ కోపమే నువ్వు నా ముఖంలో చూసింది. మాటలో సగమే చూశావు.

నీకెందుకు చెప్పలేదంటే, నువ్వు ఆ కొండ మీద నుంచి వచ్చినప్పుడు నీ ముఖం ఎలా ఉందో నీకు తెలియదు. అలా వెలిగిపోతున్న నిన్ను నేను ఎప్పుడు చూశానో గుర్తు లేదు. దాన్ని పాడు చేయలేకపోయాను. 'నీకు వచ్చిందే నాకూ వస్తోంది' అని నీతో ఎలా అనను? అంటే నీకు ఏమని వినబడుతుంది?

అలుపు అన్నావు. నాకు అలుపు కాదు, భయం. వేళ మీరాక అంట్లు తోముతూ గిన్నె గిన్నెతో కొట్టి చూసుకుంటున్నాను, ఇంకా వినబడుతోందా అని.

సౌభాగ్యం


ముదలియార్‌పేట
13 ఫిబ్రవరి 2007

సౌభాగ్యం,

నీ ఉత్తరం అందగానే రాస్తున్నాను.

ఒక్క మాట చూసి ఇంటికి పోయే రైలెక్కాను. నన్ను ఏమని తిట్టుకోవాలో తెలియడం లేదు. నువ్వు ఆ అద్దాల గదిలో ఒక్కదానివే కూర్చున్నావు. నేనేమో కొండ మీద రవిక కుడుతున్నాను.

సరే. ఏడ్చాను, అయింది. ఇప్పుడు పెద్దదానిగా నాకు తెలిసింది చెబుతాను, నాకు ఎవరూ చెప్పలేదు కనక.

మొదట పోయేది కుక్కరు కూత. అన్నం మాడుతుంది, కంగారు పడకు, గడియారం చూసి దించుకో. తర్వాత ఆడపిల్లల గొంతులు పోతాయి, మగవాళ్ళవి ఇంకా ఉంటాయి. కీర్తిక మాట అందకపోతే అది పిల్ల తప్పూ కాదు, నీ తప్పూ కాదు, దానికి ఇప్పుడే చెప్పు. కిటికీకి వీపు పెట్టి కూర్చో, వెలుగు ఎదుటివాళ్ళ ముఖం మీద పడాలి. మిషను ఇస్తే సిగ్గుపడక పెట్టుకో. నేను పుదుచ్చేరి బజారులో ఎవరైనా చూస్తారని రెండేళ్ళు పెట్టెలో దాచాను, అప్పటికి ఆ చెవీ పోయింది.

అన్నిటికంటే ముఖ్యం ఇది. అర్థం కాకపోతే నవ్వుతూ తల ఊపడం నేర్చుకోకు. అది చాలా సులువు. ఎదుటివాళ్ళకీ హాయి. కానీ అలా ఊపుతూ ఊపుతూనే నేను ఆ మేనేజరుకు చప్పట్లు కొట్టే దాకా వచ్చాను. 'అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు' అను. విసుక్కుంటే విసుక్కోనీ.

ఇప్పుడు నాకొక పని చేసిపెట్టు. అడగడానికి మొహమాటంగా ఉంది, అయినా అడుగుతాను. నీకు ఇంకా వినబడుతున్నప్పుడే చిట్టిలోవకి పోయి రా. బస్సు వాళ్ళతో వద్దు, మరిదిగారితో పో. బుద్రిని నా తరఫున క్షమించమని అడుగు. వాళ్ళ భాష తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటారు. ఆ డప్పు ఎలా మోగుతుందో విని రా. బుద్రి గొంతు ఎలా ఉంటుందో విని రా. అంతసేపు నాతో మాట్లాడింది. ఏం చెప్పిందో నాకు కావాలి.

మంగళం


విశాఖపట్నం
24 ఏప్రిల్ 2007

అక్కా,

పోయి వచ్చాం. ఇన్నాళ్ళు ఆలస్యం ఎందుకంటే, చైత్రంలో వాళ్ళకి ఇటుకల పండగ అని విత్తనాల పండగ ఒకటి ఉందట, అప్పుడైతే ఎవరి కోసమో కాక తమ కోసం ఆడతారని ఈయన ఎవరినో అడిగి తెలుసుకున్నారు. జీపు మాట్లాడుకుని పోయాం. ఎడమ చెవికి మిషను పెట్టారు. గాలి వేస్తే గరగరమంటుంది గానీ పనికొస్తోంది.

నీకు అబద్ధం చెప్పకూడదని దారంతా అనుకున్నాను. అందుకే ముందు కష్టమైన మాట చెబుతాను. బుద్రికి నువ్వు గుర్తు లేవు.

నీ ఫోటో చూపించాను. తల అడ్డంగా ఊపింది. రవిక సంగతి అడిగించాను. "ఎవులో కుట్టినారు, బస్సులో ఒచ్చినోలు" అని ఆమె కోడలు తెలుగులో చెప్పింది, నువ్వు పోయినప్పుడు పుట్టింట్లో ఉందట. ఆ రవిక ఇప్పుడు కోడలే తొడుక్కుంటోంది. నువ్వు వేసిన ముక్క గట్టిగానే ఉంది.

క్షమించమని అడిగాను. దేనికని తిరిగి అడిగింది. అంతా చెబితే నవ్వింది. ఆ మేనేజరు బస్సులు ఇప్పుడు వేరే ఊరికి పోతున్నాయట. ఆమెను తీసేయమన్నాక మిగతా ఆడవాళ్ళు, ముసలామె లేకుండా వరస ఎవరు నడిపిస్తారు, మేమూ రామన్నారట. ఊళ్ళో కొందరికి ఇది నష్టం. ఊరి పెద్ద ముఖం ముడుచుకునే ఉన్నాడు. కోడలు మాత్రం "పోతే పోనాది, సలికి సావక్కర్లేదు" అంది. మంచి జరిగిందో చెడు జరిగిందో నాకు తెలియలేదక్కా, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

బుద్రి గొంతు లావుగా ఉంటుంది. మగవాళ్ళ గొంతులా, కొంచెం బొంగురు. మాట చివర పైకి లేపుతుంది, ప్రతిదీ ప్రశ్నలాగే ఉంటుంది. నేను అరుగు మీద కూర్చోగానే నా పక్కన చేరి మొదలుపెట్టింది. చేట పట్టుకుని గంటసేపు. ఏం చెబుతోందని కోడల్ని అడిగాను. ఆ పిల్ల పొయ్యి దగ్గర నుంచి తల కూడా ఎత్తకుండా, "ఏటి సెప్తాది? నా మీద సాడీలే. నాను వొండింది ఉప్పంట, నిదరెక్కువంట, కొడుకుని మార్చేసినానంట. ఊల్లో ఎవులికి సెప్పినా నాకు తెలిసిపోద్ది కదా. మీకు మా మాట రాదు గావాల, ఒచ్చినోలందరికీ సెప్పుకుంటాది" అంది.

అదక్కా ఆమె నీతో పొద్దు వాలేదాకా చెప్పింది.

సాయంత్రం ఆడారు. డప్పు ఎలా ఉందంటే, కిరుమాంబాక్కంలో ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి వడ్లు దంచితే దెబ్బ వెంట దెబ్బ పడేది చూడు, అలా మొదలైంది. నెమ్మదిగా. తర్వాత మూడో రోకలి, నాలుగోది. కొమ్ము మాత్రం దూడ తప్పిపోయిన ఆవు అరిచినట్టు సాగింది. ఆడవాళ్ళ పాట సన్నగా, ఒకే మాట మళ్ళీ మళ్ళీ. అందులో సగం నాకు అందలేదు. ఈయనను అడిగాను. "నాకూ అర్థం కాలే సౌభాగ్యం, వాళ్ళ బాస" అన్నారు. అర్థం కాకపోవడం కాదు, వినబడలేదని నేను చెప్పలేదు. నువ్వు వద్దన్న పనే చేశాను. తల ఊపాను.

సౌభాగ్యం


ముదలియార్‌పేట
5 మే 2007

సౌభాగ్యానికి అక్క రాసేది.

నీ ఉత్తరం చదివి నవ్వాను. ఎంత గట్టిగా నవ్వానో, కన్నియమ్మాళ్ పరుగెత్తుకుని పైకి వచ్చింది. కోడలి మీద చాడీలని చెబితే ఆమెకూ నవ్వు ఆగలేదు. తన కోడలి సంగతులు మొదలుపెట్టింది. నాకు ఒక్క ముక్క అందలేదు. "అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు" అన్నాను. ఆమె ఎదురుగా చాప మీద కూర్చుని మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. సగం అందింది.

నేను గుర్తు లేనని రాయడానికి నువ్వు ఎంత వెనకాడావో అక్షరాల్లోనే తెలుస్తోంది. మొదట గుండెలో కలుక్కుమంది, లేదనను. రెండు రోజులు ఉండి వచ్చిన మనిషిని, ఆమె ఇంటికి ప్రతి బస్సులోనూ ఒకతి వచ్చేది. నేను కుట్టిన రవికలు ఈ ఊళ్ళో ఎన్ని, వాళ్ళ ముఖాలు నాకు మాత్రం గుర్తున్నాయా? నన్నే చూసి మాట్లాడిందనుకున్నాను. భాష రానివాళ్ళు ఎవరైనా సరిపోయేవాళ్ళు. అయినా ఫరవాలేదు. చెప్పుకోవడానికి ఆమెకు మనిషి కావాలి, పక్కన కూర్చోవడానికి నాకు మనిషి కావాలి. ఆ పూటకి ఇద్దరికీ జరిగింది.

వడ్లు దంచిన చప్పుడని రాశావు. కళ్ళు మూసుకుంటే అది మాత్రం నాకు వచ్చింది. చాలాసేపు వచ్చింది.

మరిదిగారి దగ్గర తల ఊపానని రాశావు. ఇవాళే ఆయనకు చెప్పు. రేపు అనుకుంటే ఏడాది పోతుంది.

కీర్తికకు సెలవులు కదా. దాన్ని ఆయనకు అప్పజెప్పి నెల రోజులు ఇక్కడికి రా. బలవంతం చేస్తున్నాననుకో. ఈ ఇంట్లోకి నేను వచ్చేసరికే నాకు సరిగా వినబడేది కాదు. ఇన్నేళ్ళుగా ఉంటున్నాను, ఈ ఇల్లు ఎలా వినబడుతుందో నాకు తెలియదు. మెట్లు కిర్రుమంటాయా? వాన పడితే వెనక రేకుల మీద ఎలా ఉంటుంది? నా కుట్టు మిషను కింది వాళ్ళ నిద్ర చెడగొట్టేంత మోగుతుందా? ఎవరినీ అడగబుద్ధి కాలేదు. మనిద్దరిలో ఒకరికైనా వినబడుతున్నప్పుడే వచ్చి నాకు చెప్పు. తర్వాత ఇద్దరం చేతులతో మాట్లాడుకుందాం, అది నాకు బాగా వచ్చు, నేర్పిస్తాను.

బస్టాండులో ఆటో ఎక్కి ముదలియార్‌పేట అను చాలు. పైకి వచ్చాక తలుపు తట్టకు, పిలవకు, తీసే ఉంచుతాను. నేను మిషను మీద ఉంటాను, వీపు గుమ్మం వైపు ఉంటుంది. లోపలికి వచ్చి నా ఎదురుగా నిలబడు.

మంగళం